ఎక్స్‌పీ కంప్యూటర్ ఆగిపోయేలోపు

ప్రశ్న: తెనాలిలో మాకు చిన్న డీటీపీ సెంటర్ ఉంది. పెళ్ళి కార్డులు, గృహప్రవేశం కార్డులు, కరపత్రాలు చేస్తాం. 2008లో కొన్న విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్‌లో పేజీలు కట్టే పేజ్‌మేకర్ 7, తెలుగుకు అను ఫాంట్లతో పని. ఇన్నేళ్ళ ఫైళ్ళన్నీ అందులోనే ఉన్నాయి. "మా పెద్దమ్మాయి పెళ్ళికి చేసిన కార్డు లాంటిదే చిన్నమ్మాయికీ కావాలి" అని వచ్చేవాళ్ళు చాలామంది. కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ రెండుసార్లు మార్చాం. ఇప్పుడు హార్డ్ డిస్క్ టక్‌టక్‌మని చప్పుడు చేస్తోంది. మా అబ్బాయి 8 జీబీ ర్యామ్ ఉన్న విండోస్ 11 ల్యాప్‌టాప్ కొనిచ్చాడు. అందులో పేజ్‌మేకర్ ఎక్కింది కానీ తెలుగు కొడితే ఒత్తులు ఎక్కడెక్కడో పడుతున్నాయి. ఒకరు డ్యుయల్ బూట్ చేసుకోమంటారు, ఒకరు వర్చువల్ మెషీన్ అంటారు, మా అబ్బాయేమో అదంతా పాత చెత్త, యూనికోడ్ నేర్చుకో అమ్మా అంటాడు. నాకు 52 ఏళ్ళు. ముహూర్తాల రోజులు దగ్గర పడుతున్నాయి, టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

సమాధానం: మీ ఉత్తరం చదువుతూ హార్డ్ డిస్క్ టక్‌టక్‌మంటోందన్న చోట ఆగిపోయాను. మిగతావన్నీ తర్వాత చూద్దాం. ముందు ఆ ఫైళ్ళు బయటికి తీయండి, ఈ రోజే తీయండి. ఆ చప్పుడు మొదలైన డిస్క్ ఏడాది నడవవచ్చు, రేపు పొద్దున స్విచ్ వేస్తే లేవకపోనూ వచ్చు. దాని మీద వైరస్ స్కాన్, డీఫ్రాగ్ లాంటివి పెట్టకండి. "విండోస్ మళ్ళీ ఎక్కిస్తే సరిపోతుంది" అని ఎవరన్నా ఒప్పుకోకండి. కాపీ చేసుకోవడానికి మాత్రమే ఆన్ చేయండి, కాపీ అయ్యాక ఆపేయండి.

కాపీ చేసేటప్పుడు పేజ్‌మేకర్ ఫైళ్ళొక్కటే తీస్తే చాలదు. పెద్ద బొమ్మలను పేజ్‌మేకర్ సాధారణంగా ఫైల్లో దాచుకోదు, అవి ఏ ఫోల్డర్‌లో ఉన్నాయో దారి మాత్రం గుర్తుపెట్టుకుంటుంది. మీ కార్డుల మీది వినాయకుడు, పూర్ణకుంభం, అరటి చెట్లు, అంచుల్లో లతలు వెంట రాకపోతే తెర మీద మసగ్గా కనిపించి, అచ్చులో గళ్ళు గళ్ళుగా పడతాయి. కాబట్టి కార్డులున్న డ్రైవ్ మొత్తాన్ని, ఫోల్డర్ల వరస చెదరకుండా అలాగే ఎత్తండి. తర్వాత విండోస్‌లోని ఫాంట్స్ ఫోల్డర్. ఆ తర్వాత పేజ్‌మేకర్ సీడీ, అను ఫాంట్లలో టైపు చేయించే స్క్రిప్ట్ మేనేజర్ సీడీ ఎక్కడున్నాయో వెతికి, అట్ట మీద ఉన్న సీరియల్ నంబర్లు ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. రెండు కాపీలు ఉండాలి: ఒకటి ల్యాప్‌టాప్‌లో, ఒకటి బయటి హార్డ్ డిస్క్‌లో. కొత్త పెన్‌డ్రైవ్‌ను ఎక్స్‌పీ చదవలేకపోతే, ల్యాప్‌టాప్‌లో దాన్ని ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా ఫార్మాట్ చేసి పెట్టండి, చదువుతుంది. కాపీ మధ్యలో ఆగిపోతూ ఉంటే డిస్క్ ఊడదీసి యూఎస్‌బీ అడాప్టర్‌తో ల్యాప్‌టాప్‌కు తగిలించి తీయవచ్చు. ఆ పని కంప్యూటర్ రిపేరు చేసేవాళ్ళతో చేయించండి, మీ కళ్ళ ముందే చేయించండి.

ఇక అసలు ప్రశ్న. మీ విషయంలో వర్చువల్ మెషీనే సరైన దారి. డ్యుయల్ బూట్, అంటే ఒకే ల్యాప్‌టాప్‌లో రెండు విండోస్‌లూ ఎక్కించి ఆన్ చేసేటప్పుడు ఒకటి ఎంచుకోవడం, ఆ మాట మర్చిపోండి. కొత్త ల్యాప్‌టాప్‌లో బయోస్ పద్ధతి మారింది, డిస్క్ రకం మారింది. వాటికి ఎక్స్‌పీ డ్రైవర్లు దొరకవు. బలవంతాన ఎక్కించబోతే విండోస్ 11 కూడా చెడుతుంది.

ఒత్తులు ఎక్కడెక్కడో పడటంలో మీ టైపింగ్ తప్పేమీ లేదు. అను ఫాంట్లు యూనికోడ్‌కు, అంటే ప్రతి భాష అక్షరాలకూ సొంత సంఖ్యలు ఇచ్చే ఇప్పటి పద్ధతికి, ముందు కాలంవి. వాటిలో "ముహూర్తం" అనే మాట లోపల తెలుగుగా ఉండదు. తలకట్టు ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, ఒత్తు ఇంకో ముక్క. ఆ ముక్కలను ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన గళ్ళలో కూర్చోబెట్టారు. అందుకే అదే మాటను నోట్‌ప్యాడ్‌లో అతికిస్తే అర్థంకాని గుర్తులు కనిపిస్తాయి. మీ వేళ్ళకూ పేజ్‌మేకర్‌కూ మధ్య కూర్చుని, ఏ కీ కొడితే ఏ ముక్క పడాలో చూసుకునేది స్క్రిప్ట్ మేనేజర్. మీ దగ్గరున్న పాత వెర్షన్ కొత్త విండోస్‌తో కుదురుకోకపోతే ముక్కలు చెదిరిపోతాయి. ముందు ఒక ఫోన్ చేసి, దీనికి విండోస్ 11లో నడిచే వెర్షన్ ఉందేమో అమ్మినవాళ్ళను అడగండి. ఉంటే, దాని ధర మీకు అందుబాటులో ఉంటే, పని సగం తేలికవుతుంది. లేదన్నా, పాత ఫైళ్ళు పాత వాతావరణంలోనే తెరవాలనుకున్నా, కింద చెప్పినట్టు చేయండి.

వర్చువల్ మెషీన్ అంటే మీ ల్యాప్‌టాప్ లోపల ఒక ఉత్తుత్తి కంప్యూటర్. దాని హార్డ్ డిస్క్ నిజానికి మీ ల్యాప్‌టాప్‌లో ఒక పెద్ద ఫైలు, అంతే. వర్చువల్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్స్‌పీకి 1990ల నాటి పీఐఐఎక్స్3 చిప్‌సెట్‌నూ, పాత ఐడీఈ డిస్క్‌నూ చూపిస్తుంది. ఎక్స్‌పీకి తెలిసినవి అవే కాబట్టి హాయిగా నడుస్తుంది. బయట ఉన్నది ఏ ప్రాసెసరో, ఏ డిస్కో దానికి తెలియదు. నెమ్మదిగా ఉంటుందన్న భయం అక్కర్లేదు. 2005లో ఇంటెల్, 2006లో ఏఎమ్‌డీ తమ ప్రాసెసర్లలోనే ఈ పనికి ప్రత్యేకంగా ఏర్పాటు పెట్టాయి. లోపలి ఎక్స్‌పీ సూచనలు చాలావరకు నేరుగా మీ ప్రాసెసర్ మీదే నడుస్తాయి. మీ 2008 కంప్యూటర్ కన్నా ఈ ఉత్తుత్తి కంప్యూటరే వేగంగా ఉందని మీకే అనిపిస్తుంది.

ఇదంతా ఇంటెల్ లేదా ఏఎమ్‌డీ ప్రాసెసర్ ఉంటేనే. స్నాప్‌డ్రాగన్ ల్యాప్‌టాప్ అయినా, ఎం1, ఎం2 రకం ఆపిల్ కంప్యూటర్ అయినా వర్చువల్‌బాక్స్‌లో ఎక్స్‌పీ నడవదు. మీ అబ్బాయిని ఒకసారి చూడమనండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్, సీపీయూ దగ్గర ప్రాసెసర్ పేరు, కింద వర్చువలైజేషన్ ఎనేబుల్డ్ అన్న మాట కనిపించాలి. డిసేబుల్డ్ అని ఉంటే బయోస్‌లోకి వెళ్ళి ఆన్ చేయాలి. ఇంటెల్‌లో దాని పేరు వర్చువలైజేషన్ టెక్నాలజీ, ఏఎమ్‌డీలో ఎస్‌వీఎం మోడ్.

సాఫ్ట్‌వేర్‌ల సంగతికొస్తే, ఇన్నోటెక్ అనే జర్మన్ కంపెనీ తయారుచేసిన వర్చువల్‌బాక్స్ 2008లో సన్ మైక్రోసిస్టమ్స్ చేతికి, 2010లో ఒరాకిల్ చేతికి వచ్చింది. అసలు ప్యాకేజీ ఓపెన్ సోర్స్. వ్యాపారానికి వాడుకున్నా ఒక్క రూపాయి కట్టనక్కర్లేదు. దాంతోపాటు ఎక్స్‌టెన్షన్ ప్యాక్ అని ఒకటి దించుకోమని కనిపిస్తుంది, అది మాత్రం సొంత వాడకానికే ఉచితం. మీది వ్యాపారం, పైగా ఆ ప్యాక్‌తో మీకు పనే లేదు, వదిలేయండి. వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రో కూడా 2024 నవంబర్ నుంచి అందరికీ ఉచితమే, అదీ మంచిదే. విండోస్‌తోనే వచ్చే ఇలాంటి సాఫ్ట్‌వేర్ హైపర్-వీ, కానీ విండోస్ హోమ్ ఎడిషన్‌లో అది ఉండదు. మీకు నేను వర్చువల్‌బాక్సే చెబుతాను. ఎక్స్‌పీకి షేర్డ్ ఫోల్డర్ ఇవ్వడం అందులో తేలిక, మీ పని అంతా ఆ ఫోల్డర్ మీదే నడుస్తుంది.

కొత్త మెషీన్ సృష్టించేటప్పుడు విండోస్ ఎక్స్‌పీ 32 బిట్ అని ఎంచుకోండి. ర్యామ్ 1 జీబీ చాలు. మీ 8 జీబీలో పెద్ద భాగం విండోస్ 11కే కావాలి కాబట్టి ఇంతకన్నా ఇవ్వకండి. ప్రాసెసర్ ఒకటి. డిస్క్ 20 జీబీ. ఎక్స్‌పీ సీడీ పెట్టడానికి ల్యాప్‌టాప్‌లో డ్రైవ్ ఉండదు, బయట తగిలించే యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. ఆ తర్వాత అంతా మీకు తెలిసిందే. అదే నీలం తెర, అదే ఎఫ్8. ఎక్స్‌పీ ఎక్కాక మెనూలో డివైజెస్ కింద గెస్ట్ అడిషన్స్ అని ఉంటుంది, అది తప్పకుండా వేయండి. అది వేస్తేనే తెర నిండుగా వస్తుంది, షేర్డ్ ఫోల్డర్ కనిపిస్తుంది.

షేర్డ్ ఫోల్డర్ అంటే విండోస్ 11లో ఉన్న ఒక ఫోల్డర్ లోపలి ఎక్స్‌పీకి ఒక డ్రైవ్‌లాగా కనిపించడం. మీ కార్డులన్నీ పాత కంప్యూటర్‌లో డీ డ్రైవ్‌లో ఉండేవనుకోండి, ఇక్కడ కూడా ఆ ఫోల్డర్‌కు డీ అనే అక్షరమే ఇవ్వండి. సీడీ డ్రైవ్ ఆ అక్షరం పట్టుకుని ఉంటే దాన్ని వేరే అక్షరానికి మార్చండి. ఇలా చేస్తే పేజ్‌మేకర్ బొమ్మల కోసం పాత దారినే వెతుక్కుంటుంది, అవి అక్కడే దొరుకుతాయి. లేకపోతే ప్రతి కార్డుకూ "ఈ బొమ్మ ఎక్కడుంది?" అని అడుగుతూ ఉంటుంది. వందల కార్డులున్న మీకు అది నరకం.

స్క్రిప్ట్ మేనేజర్‌కు యూఎస్‌బీ లాక్ (గుచ్చితేనే సాఫ్ట్‌వేర్ నడిచే చిన్న తాళం) ఉంటే దాన్ని ల్యాప్‌టాప్‌కు గుచ్చి, వర్చువల్‌బాక్స్ మెనూలో యూఎస్‌బీ దగ్గర టిక్ పెడితే ఎక్స్‌పీకి అందుతుంది. సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ 2.0 పెట్టండి, 3.0కు ఎక్స్‌పీలో డ్రైవర్ లేదు. మీది పాత ప్రింటర్ పోర్టుకు తగిలించే వెడల్పాటి లాక్ అయితే కొత్త ల్యాప్‌టాప్‌కు అసలు ఆ పోర్టే ఉండదు, కాబట్టి మార్చిమ్మని అమ్మినవాళ్ళను అడగాల్సిందే. ఇంకో చిన్న సంగతి: కుడివైపు కంట్రోల్ కీని వర్చువల్‌బాక్స్ తన సొంతానికి వాడుకుంటుంది. ఆ కీ మీద మీ వేలు ఎక్కువగా పడేదైతే ప్రిఫరెన్సెస్‌లో హోస్ట్ కీని ఎఫ్12 లాంటి వేరే కీకి మార్చుకోండి. తెలుగు కొట్టడానికి వాడే ఆపిల్ అనే కీబోర్డు అమరిక అలవాటు అలాగే ఉంటుంది, మీ చేతులు కొత్తగా ఏదీ నేర్చుకోనక్కర్లేదు.

వర్చువల్‌బాక్స్ కిటికీ కింది అంచున ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనిపిస్తే కంగారుపడకండి. విండోస్ తన భద్రత కోసం ప్రాసెసర్‌లోని ఆ ఏర్పాటును ముందే పట్టుకుంది, మనం దాని గుండా వెళ్తున్నాం, అందువల్ల కొంచెం నెమ్మది అని దానర్థం. విండోస్‌లో మెమరీ ఇంటెగ్రిటీ అనే ఆ రక్షణను ఆపేస్తే తాబేలు పోతుందని చాలామంది చెబుతారు. పేజ్‌మేకర్ పని బాగానే సాగుతుంటే ఆపకండి. మీ బ్యాంకు పనులు, జీఎస్టీ అన్నీ అదే ల్యాప్‌టాప్‌లో చేస్తారు కదా, ఆ రక్షణ ఉండనివ్వండి. టైపు చేసిన అక్షరం ఆలస్యంగా పడుతుంటే అప్పుడు ఆలోచిద్దాం.

నెట్‌వర్క్ సంగతి మాత్రం గట్టిగా చెబుతాను. మెషీన్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అడాప్టర్‌ను పూర్తిగా తీసేయండి. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయింది. 2017 మేలో, ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అప్పుడు మద్దతు ఆపేసిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ ప్రత్యేకంగా ప్యాచ్ ఇవ్వాల్సి వచ్చింది. మీ ఎక్స్‌పీకి ఇంటర్నెట్‌తో పనేమిటి? కార్డు కొట్టాలి, అంతే. కస్టమర్లు తెచ్చే పెన్‌డ్రైవ్‌లు కూడా విండోస్ 11లోనే తెరవండి. ఫొటో తీసుకుని షేర్డ్ ఫోల్డర్‌లో వేస్తే లోపలికి అదే వస్తుంది.

ప్రింటర్‌ను ఎక్స్‌పీలో ఎక్కించడానికి తంటాలు పడకండి. కొత్త ప్రింటర్లకు ఎక్స్‌పీ డ్రైవర్లు ఉండవు. పేజ్‌మేకర్ 7తో పాటు అక్రోబాట్ డిస్టిల్లర్ ఇచ్చారు, అది వేసుకుని పీడీఎఫ్ చేయండి. ఫాంట్లన్నీ పీడీఎఫ్‌లోనే ఇమిడిపోయేలా పెట్టండి. ఆ పీడీఎఫ్‌ను షేర్డ్ ఫోల్డర్‌లో దించి, విండోస్ 11లో తెరిచి, అక్కడి నుంచి ప్రింట్ ఇవ్వండి, లేదా ప్లేట్లు వేసేవాళ్ళకు పంపండి. పంపేముందు రీడర్‌లో ప్రాపర్టీస్, ఫాంట్స్ దగ్గర ప్రతి ఫాంట్ పేరు పక్కన ఎంబెడెడ్ అని ఉందో లేదో చూడండి. ఒక్క పేరు పక్కన లేకపోయినా ఆ ఫాంట్‌లో ఉన్న తెలుగు అవతల గుర్తుల చిత్తడి అవుతుంది.

స్నాప్‌షాట్ అని ఒక మంచి సదుపాయం ఉంది. ఎక్స్‌పీ, పేజ్‌మేకర్, ఫాంట్లు అన్నీ చక్కగా కుదిరిన రోజు ఒక స్నాప్‌షాట్ తీసి పెట్టండి. తర్వాత ఏదైనా చెడితే ఆ రోజుకు వెనక్కి వెళ్ళవచ్చు. అయితే దీంతో నాకు ఒక అనుభవం ఉంది. పదేళ్ళ కిందట ఒక చిన్న మాసపత్రికకు ఇలాగే ఎక్స్‌పీ పెట్టిచ్చాను. ఒకరోజు ఫాంట్లు చెడిపోయాయని ఫోన్ చేస్తే, వెళ్ళి స్నాప్‌షాట్‌కు వెనక్కి తిప్పాను. ఫాంట్లు వచ్చేశాయి. కానీ అంతకుముందు రెండు రోజులూ కొట్టిన పేజీలు ఎక్స్‌పీ డెస్క్‌టాప్ మీదే ఉన్నాయి, వాటితో సహా అంతా వెనక్కి పోయింది. నేను అడగలేదు, అక్కడ పనిచేసే అమ్మాయికి తెలియదు. ఆ రాత్రి ఆ అమ్మాయి కూర్చుని పదహారు పేజీలు మళ్ళీ కొట్టింది. తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే. అందుకే మీకు చెబుతున్నాను, లోపలి ఎక్స్‌పీలో ఒక్క కార్డు కూడా దాచకండి. అన్నీ షేర్డ్ ఫోల్డర్‌లోనే సేవ్ చేయండి. అది విండోస్ 11లో ఉంటుంది కాబట్టి స్నాప్‌షాట్ దాన్ని తాకదు. స్నాప్‌షాట్ ఉంది కదా అని బ్యాకప్ మానకండి, ల్యాప్‌టాప్ డిస్క్ పోతే స్నాప్‌షాట్ కూడా దాంతోనే పోతుంది. వారానికోసారి ఎక్స్‌పీని పూర్తిగా షట్‌డౌన్ చేసి, ఆ మెషీన్ ఫోల్డర్‌నూ కార్డుల ఫోల్డర్‌నూ బయటి హార్డ్ డిస్క్‌కు కాపీ చేసుకోండి.

లైసెన్సు గురించి మీరు అడగలేదు కానీ చెప్పడం నా ధర్మం. వర్చువల్ మెషీన్‌లో పెట్టినా ఎక్స్‌పీకి లైసెన్సు కావాలి. మీరు ఎక్స్‌పీ సీడీని విడిగా డబ్బాతో కొని ఉంటే, పాత కంప్యూటర్‌లో తీసేసి ఇక్కడ వాడుకోవచ్చు. కంప్యూటర్‌తో పాటే వచ్చి, క్యాబినెట్ మీద స్టిక్కర్ ఉన్నదైతే అది ఆ కంప్యూటర్‌కే కట్టుబడిన లైసెన్సు. అలాంటప్పుడు అప్పట్లో మీకు సిస్టమ్ అమ్మినవాళ్ళ దగ్గర విడి సీడీ దొరుకుతుందేమో అడగండి. ఇంటర్నెట్‌లో "రెడీమేడ్ ఎక్స్‌పీ" అని దొరికే ఫైళ్ళను మాత్రం దించుకోవద్దు. వాటిలో ఏం కలిపి పెట్టారో చూసే దారి మీకూ లేదు, నాకూ లేదు. పాత డిస్క్‌ను ఉన్నదున్నట్టు వర్చువల్ డిస్క్‌గా మార్చే పద్ధతీ ఉంది, కానీ లోపలి పరికరాలన్నీ మారిపోయాయని ఎక్స్‌పీ నీలం తెర వేయడం, మళ్ళీ యాక్టివేషన్ అడగడం మామూలే. చావు బతుకుల్లో ఉన్న డిస్క్‌తో ఆ ప్రయోగం వద్దు.

మీ అబ్బాయి మాటా కొట్టేయకండి. పాత చెత్త అనడం తప్పు, అది మీ అన్నం పెట్టిన పని. కానీ యూనికోడ్ గురించి చెప్పింది నిజం. ఈ ఎక్స్‌పీ ఏర్పాటు మీకు కొన్నేళ్ళు ఊపిరి ఇస్తుంది. ఆ కొన్నేళ్ళలో కొత్త పని కొంచెం కొంచెంగా యూనికోడ్‌లోకి తెచ్చుకోండి. మండలి, రామభద్ర, సూరన్న లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. పేజీ కట్టడానికి ఇన్‌డిజైన్ తెలుగును సరిగ్గా చూపిస్తుంది, డబ్బు పెట్టలేకపోతే స్క్రైబస్ 1.6 ఉంది. పాత కార్డులన్నీ మార్చాలని కూర్చోకండి, అంత అవసరం లేదు. మళ్ళీ మళ్ళీ అడిగే నాలుగైదు రకాల కార్డుల మాటలు మార్చుకుంటే చాలు. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, కానీ ఒత్తుల దగ్గర, అంకెల దగ్గర తప్పులు పడతాయి. ఇంటిపేర్లూ ముహూర్తం సమయమూ అక్షరం అక్షరం చూసుకోవాలి. కస్టమర్ల ఫోన్ నంబర్లు, అడ్రసులు ఉన్న వాక్యాలు ఆన్‌లైన్ కన్వర్టర్లలో వేయకండి, అవి చేత్తోనే కొట్టండి.

ముహూర్తాలు మొదలవకముందే ఒక సాయంత్రం దీనికి కేటాయించండి. గిరాకీ మధ్యలో మాత్రం మొదలుపెట్టవద్దు. అన్నీ కుదిరాక, ఇదివరకు మీరు అచ్చు వేసిన ఒక పెళ్ళి కార్డు తీసుకోండి. "శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు" నుంచి "భోజనములు" దాకా ఒత్తులు ఎక్కువగా ఉన్నదైతే మంచిది. అదే ఫైలును లోపలి ఎక్స్‌పీలో తెరిచి, పీడీఎఫ్ చేసి, విండోస్ 11 నుంచి మామూలు కాగితం మీద ప్రింట్ తీయండి. ప్రింట్ ఇచ్చేటప్పుడు ఫిట్ అని కాకుండా యాక్చువల్ సైజ్ పెట్టండి. ఆ కాగితాన్ని పాత కార్డు మీద పెట్టి ట్యూబులైటుకు ఎదురుగా పట్టుకోండి. కార్డు మందంగా ఉండి వెలుతురు రాకపోతే పాతదాన్ని పల్చటి కాగితం మీద జిరాక్స్ తీసి చూడండి. పేజ్‌మేకర్ ప్రింటర్‌ను బట్టి పంక్తులు సర్దుకుంటుంది, అందువల్ల ప్రింటర్ మారినప్పుడు పంక్తి విరిగే చోటు ఒక్కోసారి మారుతుంది. ముఖ్యంగా తల్లిదండ్రుల పేర్లున్న పంక్తులు, ముహూర్తం పంక్తి ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయా చూడండి. కూర్చోకపోతే ఆ రెండు కాగితాలూ ఫొటో తీసి, డాక్యుమెంట్ సెటప్‌లో కంపోజ్ టు ప్రింటర్ దగ్గర ఏ పేరుందో రాసి నాకు పంపండి. కూర్చుంటే, ఆ రాత్రే స్నాప్‌షాట్ తీసి, పాత కంప్యూటర్ ప్లగ్గు పీకేయండి.